అడవి యింటికి అతిథిగా
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పొద్దు క్రుంకువేళ గిద్దలూరు పొలిమేరలో నిలిచి పడమటికి చూచినవారికి నల్లని గోడవలె ఒక కొండవరుస కనిపించును. అదియే నల్లమల. గుండ్లకమ్మకు పుట్టినిల్లు ఆ కొండ. కంభము చెరువు నిండుటయు, ఎండుటయు ఆ కొండమీద కురిసిన వానను బట్టియే. మార్కాపురపు పలకల గనులలో పనిచేయు కూలి మొదలు మెట్టచేను దున్నుకొను రైతు వరకు, ఆ దిక్కున మబ్బు పట్టినదా లేదా అని తలయెత్తి చూడనివారు ఈ సీమలో లేరు. ఇట్లు దినదినమును చూచుచున్నను, ఆ కొండలో కాపురమున్నవారెవరో ఎరిగినవారు మాత్రము కొలదిమందియే. శివరాత్రికి శ్రీశైలము పోవునపుడు బస్సు కిటికీలోనుండి రెండు మూడు గుడిసెలు కనబడును. “అది చెంచుల గూడెము” అని ఎవరో చెప్పుదురు. తక్కినవారు తలయూపుదురు. బస్సు మలుపు తిరుగును. పరిచయమంతయు అంతటితో ముగియును.

ఇటీవలి కాలమున అడవిలో బసచేయుట యను వేడుకయొకటి వచ్చినది. దోర్నాలనుండి శ్రీశైలము పోవు ఘాటుదారిలో తుమ్మలబైలు వద్ద అటవీశాఖవారు జీపులలో అడవిని చూపించు ఏర్పాటు చేసిరి. గిద్దలూరునుండి నంద్యాల పోవు కనుమదారిలో పచ్చర్ల వద్దను, ఆత్మకూరు దిక్కున బైర్లూటి వద్దను రాత్రి బసకు విడుదులు వెలసినవి. దీనిని సఫారీ యందురు. అది ఆఫ్రికాలోని స్వాహిలీ భాషనుండి వచ్చిన మాట. ప్రయాణమని దాని యర్థము. ఉర్దూ ఎరిగినవారు వాడు ‘సఫరు’ అను మాటకు అది దగ్గరి చుట్టమే. ఈ ప్రయాణమునకు వచ్చువారిలో పెక్కుమంది పులికొరకు వత్తురు. పులి కనబడినవారు తమ యదృష్టమును చెప్పుకొని మురియుదురు. కనబడనివారు పెట్టిన డబ్బు దండుగయని సణుగుదురు. ఈ యిరువురును గమనింపనిది ఒకటి యున్నది. తాము తలదాచుకొన్నది పులి యింట మాత్రమే కాదు, మనుష్యుల యింట. ఆ యింటివారు చెంచులు. అడవిలో బసచేయువాడు నిజమునకు ఎవరికి అతిథి? ఆ ఆతిథ్యమునకు అతడు తీర్పవలసిన ఋణమేమి? ఈనాటి ప్రసంగమునకు విషయమిదియే.

మొదట ఆ యింటివారి మాట చెప్పుకొనవలెను. చెంచులు కృష్ణానదికి ఇరువైపుల, నల్లమల పొడవునను వ్యాపించియున్న ఆదిమజాతివారు. వారి భాష తెలుగే; యాస వేరు. 2011 జనగణనలో, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున, వారి సంఖ్య అరువదినాలుగు వేల పైచిలుకు. దున్నుటయు, విత్తుటయు వారి తాతల వృత్తి కాదు. వేటయు, గడ్డలు త్రవ్వుటయు, పండ్లు, తేనె, బంక సేకరించుటయు వారి జీవనము. ఇనుప మొన గల కఱ్ఱతో స్త్రీలు అడవిగడ్డలు త్రవ్వి తెత్తురు. వేసవిలో ఇప్పపువ్వు రాలును. తునికిపండ్లు, మోరిపండ్లు పండును. చింతపండు పులుపు విరుగుటకు బూడిద కలిపి తినుట వారి పూర్వాచారము. నిలువచేయుట తక్కువ. నేటి తిండి నేటి అడవిలో, రేపటి తిండి రేపటి అడవిలో వెదకుకొనుట వారి పద్ధతి. దీనిని చూచి పల్లపువారు ‘ముందుచూపు లేనివారు’ అని తేల్చివేయుదురు. కాని గాదె నింపుకొన్నవాడు కరవు వచ్చినపుడు ఊరు విడిచిన సందర్భములు ఈ సీమలో తక్కువ లేవు. అడవియే గాదెయని నమ్మినవాడు దానిని తరతరములుగా ఖాళీచేయక కాపాడుకొనెను. ముందుచూపు ఎవరిదో తీరికగా ఆలోచింపదగిన విషయము.

ఈ జాతివారితో తెలుగువారి దేవుళ్లకే చుట్టరికము కలదు. అహోబిల నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడెనని కథ. శ్రీశైల మల్లికార్జునుడు వేటగాడై వచ్చి చెంచుపడుచును వరించెననియు, అందువలన ఆయన చెంచు మల్లయ్య యనియు చెంచులు చెప్పుకొందురు. వైష్ణవులకు పూజ్యుడైన స్వామియు, శైవులకు పూజ్యుడైన స్వామియు, ఇరువురును చెంచుల యల్లుళ్లే. అహోబిలమున సంక్రాంతి కనుమనాడు పారువేట యుత్సవము మొదలగును. తన పెండ్లికి రండని పిలుచుటకై స్వామి పల్లకీలో ఊరూరు తిరుగును. ఆ యుత్సవారంభమున చెంచులు విల్లంబులతో వచ్చి పల్లకివైపు బాణములు వదలుదురు. అది పగ కాదు; పిల్లనిచ్చినవారి చనువు. 1943లోను, 1958లోను ‘చెంచులక్ష్మి’ పేరుతో తెలుగు చలనచిత్రములు వచ్చెను. తెరమీది చెంచులక్ష్మిని చూచి జనము చప్పట్లు కొట్టెను. సంతకు తేనె తెచ్చిన చెంచుపడుచుతో అదే జనము పావలాకు బేరమాడెను. దేవుడు అల్లుడై పోయిన యింటికి మనుష్యుడు ఏ వరుసతో పోవలెనో ఇక్కడనే తెలియవలెను. అత్తవారింటికి పోయిన అల్లుడు పెత్తనము చేయడు. పెట్టినది తిని, పెద్దలకు నమస్కరించి, పిలిచినపుడు మరల వచ్చును.

పల్లపువారు చెంచులకు అతిథులగుట నిన్న మొన్నటిది కాదు. పదునాలుగవ శతాబ్దిలో అద్దంకి రాజధానిగా నేలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబిలమునకును మెట్లదారులు కట్టించెను. ఆత్మకూరు ప్రక్కనుండి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలము చేరు కాలిదారిలో నేటికిని శివరాత్రికి, ఉగాదికి భక్తులు నడచి పోవుచున్నారు. బస్సులు లేని కాలమున ఆ దారి పొడవునను దిక్కు చూపినవారు, మూటలు మోసినవారు, చెంచులే. వారు యాత్రికులవద్ద కొంత రుసుము పుచ్చుకొని కాపుదల యిచ్చెడివారని ఆంగ్లేయుల కాలపు గ్రంథములు చెప్పుచున్నవి. దొరల దృష్టిలో అది ఒక వింత వసూలు. చెంచుల దృష్టిలో తమ గుమ్మము దాటిపోవువాని క్షేమమునకు పూచీపడి పుచ్చుకొన్న కూలి. ఘాటుదారి పడెను, బస్సులు వచ్చెను. రుసుము పోయెను. దానితోపాటు ఆ పూచీయు, ఆ పరిచయమును పోయినవి.

పరిచయము చేసికొనవలెననియే వచ్చి, వారి నడుమ బసచేసిన వారిలో ముందుగా చెప్పదగినవాడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడతడు. 1939లో ఇండియాకు వచ్చియుండగా యుద్ధము మొదలాయెను. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయినందున అతనిది శత్రుదేశపు పాస్‌పోర్టు అయినది. ఆంగ్లేయులు అతనిని హైదరాబాదు సంస్థానము దాటిపోరాదని కట్టడి చేసిరి. ఆ నిర్బంధమునే అతడు విద్యగా మార్చుకొనెను. 1940లో భార్యతో కూడ అమ్రాబాదు పీఠభూమిలోని చెంచుపెంటల ప్రక్కన నెలలతరబడి మకాముచేసి, వారితో తిరిగి, వారి మాటలు వ్రాసికొని, 1943లో చెంచులను గూర్చి ఆంగ్లమున ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. అడవిలో దొరికిన తిండిలో ఒక పాలు ముందుగా గారెల మైసమ్మ యను అడవి దేవతకు చెల్లింతురని అతడు అందులో వ్రాసెను. అతని దగ్గర మోటారుజీపు లేదు, పులిని చూపించు పథకము లేదు. గూడెమువారు పోయిన దారిన పోవుట, కూర్చుండిన చోట కూర్చుండుట, ఇంతే అతని పద్ధతి. వచ్చినవాడు ఎంత నేర్చుకొనిపోవునో అది అతడు ఎంతసేపు ఊరకుండగలడో అన్నదానిని బట్టి యుండును.

ఇక నేటి బస యెట్లుండునో చూతము. సాయంకాలమునకు యాత్రికుడు విడిదికి చేరును. నల్లమద్ది, చిరుమాను, ఏగిస చెట్లనడుమ గుడారమో, చిన్న కుటీరమో యుండును. చేతిఫోను పలుకదు, మొదటి గంట అదే పెద్ద కష్టముగ తోచును. చీకటిపడిన తరువాత విడిది హద్దు దాటరాదని కాపలావాడు చెప్పును. ఆ కాపలావాడు అనేకముగా చెంచు యువకుడు. నగరములో దీపములకు అలవాటుపడిన కండ్లకు నక్షత్రములు ఇన్ని యున్నవని అప్పుడే తెలియును. ఎక్కడనో కణితి ఒక్కసారి గట్టిగా కూయును. యాత్రికునకు అది ఉత్త కూత. యువకునకు అది ఒక వార్త. కూత ఒక్కటే వచ్చి ఆగెనా, వరుసగా వచ్చెనా, కోతులుకూడ అరచెనా, అరపు లోయనుండి గట్టుకు జరుగుచున్నదా అని అతడు చెవియొగ్గును. వార్తాపత్రిక చదువువాడు శీర్షిక చూచి లోపలి విషయము పట్టుకొన్నట్లు, అతడు నాలుగు కూతలతో ఏ మృగము ఏ దారిని పోవుచున్నదో చెప్పును.

తెల్లవారగానే నడక. బాటమీది దుమ్ములో రాత్రి వ్రాతయంతయు నుండును. ఇక్కడ ఎలుగుబంటి చెదపుట్టను త్రవ్వినది. ఇక్కడ రేచుకుక్కల గుంపు దాటినది. ఇక్కడ ముండ్లపంది ఒక ముల్లు రాల్చినది. తాజా అడుగుకు అంచు కూచిగా నుండును. పొద్దెక్కినకొలది అంచు విరుగును. మంచు పడకముందు వేసిన అడుగువేరు, పడిన తరువాత వేసిన అడుగువేరు. “పులి కనబడునా?” అని యాత్రికుడు పదిమారులు అడుగును. చూపించువాడు చిరునవ్వు నవ్వి, “అది మనలను చూచే యుండును” అనును. ఇందులో వేదాంతము లేదు. అడవిలో మనిషి పులిని చూచుటకంటె పులి మనిషిని చూచుట ఎక్కువ. ఉన్నమాట అతడు చెప్పుచున్నాడు.

పులి యొక్కటే వింత యనుకొనువారికి ఇంకొక కథ చెప్పవలెను. గిద్దలూరు–నంద్యాల నడుమ అడవిలో చెట్టుతొఱ్ఱలలో నివసించు ఒక నీలివన్నె సాలెపురుగు గలదు. నెమలికంఠమువలె మెఱయుచుండును. 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గుత్తి రైల్వే కలప అడితిలో దొరికిన ఒక్క నమూనాను చూచి దానిని శాస్త్రమున చేర్చెను. అటుపిమ్మట నూరేండ్లు అది ఏ శాస్త్రజ్ఞునికిని కనబడలేదు. రైలులో కలపతోపాటు ఎక్కడినుండి వచ్చెనో తెలియకపోయెను. చివరకు 2001లో ఈ గిద్దలూరు కనుమ అడవిలోనే దాని నివాసము దొరకినది. చాలకాలము ఈ తావున తప్ప లోకమున మరెక్కడను సహజముగ నున్నట్లు తెలియని ప్రాణి యది. చెట్టు కొట్టినవానికి అది వంటకట్టె; ఆ పురుగునకు అదే ఊరు. ఇట్టివి విన్న పిదప యాత్రికునకు పులి కనబడలేదను బాధ కొంత తగ్గును.

మధ్యాహ్నము కొండ చరియవద్ద నిలిచి చూచినచో నిలువున దిగిన రాతిగోడకు పెద్ద తేనెపట్లు వ్రేలాడుచుండును. వానిని తీయు విధము చెంచుల విద్యలలో తలమానికము. అడవి తీగెలతో, నారతో పేనిన త్రాటిని గట్టుమీద చెట్టుకు కట్టుదురు. ఒకడు ఆ త్రాటివెంట అగాధమువైపు దిగును. పచ్చియాకు కట్ట రగిల్చి పొగబెట్టి ఈగలను తొలగించి, వెదురుకఱ్ఱతో పట్టును కోసి గంపలోనికి రాబట్టును. క్రింద చూచిన కండ్లు తిరుగును. చుట్టు ముసరిన ఈగలు కుట్టుచుండును. అతని ప్రాణమంతయు పైన త్రాడు కనిపెట్టియున్న వాని చేతిలో నుండును. ఆ పనికి చెంచులు సొంత అన్నదమ్ముని పెట్టరని చెప్పుదురు; భార్య తోబుట్టువైన బావమరిదిని పెట్టుదురు. అన్నదమ్ములకు పాళ్లపట్టింపు లుండవచ్చును. బావమరిది మాత్రము తన అక్కచెల్లెలి పసుపుకుంకుమలు ఆ త్రాటికి వ్రేలాడుచున్నవని ఎరుగును. ఏమి జరిగినను వాడు త్రాడు విడువడు. ఏ ధర్మశాస్త్రమును చదువనివారు, మనుష్యుని నమ్ముటకు ఆధారమేమో ఇంత చక్కగ కనిపెట్టిరి. ఎవని కష్టనష్టములు దిగినవాని ప్రాణముతో ముడివడి యున్నవో వానికే త్రాడు అప్పగింపవలెను.

ఈ త్రాటిమాట గుర్తుంచుకొని, ఇప్పుడు చెంచుల నేటి స్థితిని విచారింపవలెను. ఆంగ్లేయుల కాలమున అడవులను రిజర్వు చేసినప్పటినుండి అడవి ప్రభుత్వపుదైనది. అందులో పుట్టినవాడు అనుమతితో నుండువాడైనాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను, వేట నిషిద్ధమైనది. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలము అభయారణ్యము ఏర్పడినది. 1983లో అది పులుల సంరక్షణ పథకమున చేరినది. మూడువేల అయిదువందల చదరపు కిలోమీటర్లకు పైబడిన విస్తీర్ణముతో నాడు దేశమున నది పెద్దది. 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత కృష్ణకు ఆవలి భాగము అమ్రాబాదు పేరుతో తెలంగాణకు చేరెను. పులి మిగులుట మేలే. దానిని ఎవరును కాదనరు. అడవి లేనిచో పులి లేదు. ఆ అడవియే లేనిచో గుండ్లకమ్మయు లేదు. కాని లెక్కలో ఒక అంకె విడిచిపెట్టిరి. వేలయేండ్లు పులితో కలిసి బ్రతికినవానికి విల్లు పట్టరాదని చెప్పిన పిమ్మట, వాడు ఏమి తినవలెనో చెప్పుట ఆలస్యమైనది.

ఏమియు జరుగలేదనుట న్యాయము కాదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తేనెను, తపసిబంకను, కుంకుడును, చింతపండును కొనుచు, దళారి పీడ కొంత తగ్గించినది. 1975లో కేంద్రప్రభుత్వము మిక్కిలి వెనుకబడిన ఆదిమ తెగలను విడిగా గుర్తించినపుడు చెంచులు అందు చేరిరి. ఆ దశకముననే శ్రీశైలము కేంద్రముగ వారికై ప్రత్యేక అభివృద్ధి సంస్థ వెలసినది. పులుల కాపుదలకు అటవీశాఖ చెంచు యువకులనే కాపలాదారులుగ తీసికొన్నది. మృగము జాడ పట్టు విద్య వేటకు పనికిరాకున్నను రక్షణకు పనికివచ్చినది. 2006లో వచ్చిన అటవీహక్కుల చట్టము, అడవిలోని ఫలసాయముమీదనే కాక, ఆదిమ తెగల ఆవాసప్రాంతము మీద వారికి సమష్టిహక్కు గలదని ఒప్పుకొన్నది. పులులకు ప్రధానమైన లోపలి అడవినుండి వారిని తరలింపదలచినను గ్రామసభ సమ్మతి, కుటుంబముల సమ్మతి ఉండవలెనని చట్టము. చట్టము మంచిది. కాని యెర్రగొండపాలెము దిక్కున లోతట్టున నున్న పాలుట్ల వంటి గూడెమునుండి జబ్బుమనిషిని మంచముమీద మోసికొనిరావలసిన దూరము చట్టముతో తగ్గదు. పిల్లవాడు ఆశ్రమపాఠశాలలో అక్షరము నేర్చుకొని వచ్చుసరికి తాత త్రాడు పేనుట మానియుండును. అక్షరము రావలసినదే. త్రాడు పోవలెనని ఎవరు చెప్పిరి?

ఇచ్చట విడుదుల ప్రాముఖ్యము తెలియును. అడవి విడిది రెండు విధములుగ నడువవచ్చును. చెంచు యువకుడు గుడారము ఊడ్చి, సామాను మోసి, దినకూలి పుచ్చుకొని పోవుట యొక విధము. సాయంకాలమున అతిథులముందు విల్లు పట్టించి నిలబెట్టి ఫొటో తీయించుట దానిలోని భాగమే. దారి చూపుటకు, జాడ చెప్పుటకు, తేనె రుచులు వివరించుటకు అతడే ఆచార్యుడై, వచ్చిన ఆదాయములో గూడెమునకు నికరమైన పాలు చెందుట రెండవ విధము. పైకి చూచుటకు రెండును ఒక్కటే. అవే గుడారములు, అవే జీపులు. మొదటిదానిలో చెంచు తన యింటిలో తానే పనివాడు. రెండవదానిలో అతడు గృహస్థు. ఏ విడిది ఏ విధముగ నడుచుచున్నదో తెలిసికొనుట కష్టము కాదు. “ఈ డబ్బులో గూడెమునకెంత?” అని అతిథి యొక్క ప్రశ్న వేసిన చాలును. పదిమంది అడిగినచోట జవాబు సిద్ధముగ నుండవలసి వచ్చును.

దేశాంతరములలోను ఈ ప్రశ్న వచ్చినది. ఆస్ట్రేలియా ఖండమునకు తెల్లవారు పోకముందు పదులవేల యేండ్లుగ అక్కడ ఆదివాసులున్నారు. వారి భూమిని చాలకాలము ఎవరిదియు కాని భూమిగా లెక్కించిరి. 1976లో ఉత్తర ప్రాంతమున ఆదివాసుల భూమిహక్కులకై చట్టము చేసిరి. అచ్చటి ఆర్నెం లాండు అను విశాలమైన అటవీసీమలో రాతిగుహల గోడలపై వారి పూర్వులు వ్రాసిన చిత్రములున్నవి. వానిని చూచుటకు సఫారీ విడుదులును ఉన్నవి. కాని ఆ సీమలో అడుగుపెట్టవలెనన్నచో బయటివాడు ముందుగా భూస్వాములైన ఆదివాసుల తరఫున అనుమతిపత్రము పొందవలెను. నడిఖండమున ఉలూరు అను ఎఱ్ఱని మహాశిల గలదు. యాత్రికులు దానిపై కెక్కి ఆనందించెడివారు. అది పవిత్రస్థలము, ఎక్కవలదని అచ్చటి అనంగు జాతివారు ఏండ్లతరబడి బోర్డుపెట్టి వేడుకొనిరి. 1985 అక్టోబరు 26న ఆ భూమి వారికి తిరిగి దక్కెను. సరిగా ముప్పదినాలుగేండ్లకు, 2019 అక్టోబరు 26న, శిల నెక్కుట మాన్పించిరి. ఎక్కుట ఆగినంతమాత్రమున యాత్ర ఆగలేదు. యాత్రికులు క్రింద తిరిగి చూచుచున్నారు. ఇంటివారు చెప్పు కథ వినుచున్నారు. ఆతిథ్యమునకు హద్దులు గీయు అధికారము ఇంటివారిదే యని అచ్చట ఒప్పుకొనుటకు ఇంతకాలము పట్టినది.

ఈ సీమవారికి ఆస్ట్రేలియా దూరము; నల్లమల గంట ప్రయాణము. కావున అతిథిధర్మము ఇక్కడ మరింత సులభముగ ఆచరింపవచ్చును. అడవిలోనికి పోవువాడు చెంచును ‘ఏమోయ్’ అని పిలువక, వయసునుబట్టి అన్నా, అమ్మా, తాతా అని పిలువవలెను. గూడెములోనికి పోవలెనన్నచో పెద్దమనిషి నడిగి పోవలెను. గుడిసెముందు కూర్చున్నవారిని అడుగక ఫొటో తీయరాదు. తన యింటి వాకిట ఎవరైన అట్లు చేసిన ఊరకుండునా? పిల్లలకు బిళ్లలు చల్లి చేయిచాచుట నేర్పరాదు. సారాయి సీసా, ప్లాస్టిక్ సంచి కొండమీద దింపిరారాదు. ఎండకాలమున విసరిన చుట్టపీక ఎన్ని కొండలను కాల్చునో ఈ ఊళ్లనుండి రాత్రివేళ కనబడు నిప్పుదండలే చెప్పును. తేనె కొనునపుడు అగాధము మీది త్రాటిని ఒకసారి తలచుకొని బేరమాడవలెను. వానకాలమున సఫారీలు నిలిపిన నెలలలో అడవిని దాని మానాన విడువవలెను. ఇవి పెద్ద త్యాగములు కావు. చుట్టాల యింటికి పోయినవాడు పాటించు సాధారణ మర్యాదలు.

గ్రంథాలయమునకు ఇందు పని లేదా? ఉన్నది. ఈ ఊరి గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగ పుస్తకములు కొని, అట్టలు వేసి, చెదలు పట్టకుండ కాపాడుచు వచ్చినది. పుస్తకమునకు చెద పట్టినచో మరియొక ప్రతి తెప్పింపవచ్చును. చెంచుపెద్ద యెరిగిన తేనెల పేర్లు, గడ్డల పేర్లు, వాగులపేర్లు, జాడలు చదువు విధము, ఇవి ఏ ముద్రాశాలలోను అచ్చుపడలేదు. వీనికి రెండవ ప్రతి లేదు. చెంచులు పలుకునది తెలుగే గనుక, వినుటకు దుబాసీ కూడ అక్కరలేదు. విదేశీయుడు యుద్ధకాలమున వచ్చి వినిపోయినాడు. కొండక్రింద నున్న చదువరులు ఈనాటికైనను సంవత్సరమునకొకసారి గూడెమునకు పోయి, అనుమతి గైకొని, చెప్పినది చెప్పినవారి మాటలలోనే వ్రాసి, ఒక ప్రతి గూడెపు బడికిని, ఒక ప్రతి ఈ అలమారుకును చేర్చుట అసాధ్యమా? చెంచుబిడ్డ తన తాత మాటను తన అక్షరములతో చదువుకొన్ననాడు త్రాడును, అక్షరమును రెండును నిలుచును.

కొండయంచున ఒకడు త్రాటివెంట దిగియున్నాడు. పైన త్రాడు కనిపెట్టుకొనియుండవలసినవాడు చుట్టమై యుండవలెనని చెంచుల నియమము. ఈనాడు ఆ త్రాటి పైకొస ప్రభుత్వము చేతిలో కొంత, విడిదికి వచ్చు యాత్రికుని చేతిలో కొంత, కొండక్రింది ఊళ్లవారి చేతిలో కొంత యున్నది. ఆ కొండ నీరు త్రాగుచున్న ఈ ఊళ్లకు చెంచులతో బంధుత్వము లేదని చెప్పుకొనుటకు వీలులేదు. శ్రీశైల మల్లన్న వరుస కలిపి శతాబ్దములైనది. ఆ వరుసకు తగినట్లు మెలగుటయే మిగిలియున్నది.